సీసా మీద పేరు

"ఇవి ఎక్కడివి అత్తయ్యా?"

ఇస్త్రీ బల్ల మీద, అప్పుడే మడతపెట్టిన తెల్ల దుప్పటి మీద, నారింజ రంగు బిళ్ళలు దొర్లుతున్నాయి. బలం బిళ్ళల సీసాని బోర్లించి పట్టుకుని కోడలు అలాగే నిలబడిపోయింది. ఇంకా ఏదైనా రాలుతుందేమోనని అడుగున రెండుసార్లు తట్టింది. దూది ముక్క రాలింది.

"ఎక్కడివేంటి? మందుల షాపువి," అంది అత్తగారు ఇస్త్రీ పెట్టె ఆపకుండా. "దుప్పటి మీద పోస్తావేంటమ్మాయ్? రంగు అంటిందంటే లాడ్జీ వాళ్ళు మన తోలు తీస్తారు."

"ఇందులో తెల్లవి ఉండాలి. పొడుగ్గా, తెల్లగా ఉండేవి."

"ఉండేవి. పారేశాను."

"పారేశారా!"

"అరవకు. బుడ్డది ఇప్పుడే నిద్రపోయింది."

"ఎందుకు పారేశారు అత్తయ్యా?"

అత్తగారు ఇస్త్రీ పెట్టెను నిలబెట్టింది. నడుం మీద చేయి వేసుకుంది. లాండ్రీ కొట్లో బేరగాళ్ళతో గొడవ వచ్చినప్పుడు ఆవిడ నిలబడే తీరు అదే.

"సీసా మీద ఒకటి రాసుండి లోపల ఇంకోటి ఉంటే, ముందు పారెయ్యి, తర్వాత అడుగు. ఈ ఇంట్లో ఈ చట్టం పెట్టిందెవరు? నేనా, నువ్వా?"

కోడలు ఖాళీ సీసాని బల్ల మీద నిలబెట్టింది.

చట్టం పెట్టింది తనే. పోయిన వేసవిలో మరకలు పోగొట్టే మందు కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచితే, కూతురు, ఆ బుడ్డదే, మూత తీసి నోట్లో పెట్టుకుంది. గుటక పడలేదు గనక సరిపోయింది. ఆ రోజు కోడలు కొట్లో జనం చూస్తున్నారని కూడా లేకుండా అత్తగారి మీద విరుచుకుపడింది. ఇకమీదట లాండ్రీలోగానీ ఇంట్లోగానీ పేరొకటి సరుకొకటిగా సీసా కనిపిస్తే చెత్తబుట్టలోకే అని తేల్చి చెప్పింది. అత్తగారు ఆ మాటని ఎంత గట్టిగా పట్టుకుందంటే, గంజిపొడి డబ్బాలో దాచుకున్న తన తలనూనెని తనే పారబోసింది. పైగా నెల రోజులు దాని గురించి కోడల్ని దెప్పింది.

"ఆ సీసా మీద బొమ్మ చూడు," అంది అత్తగారు. "గుండ్రంగా, నారింజ రంగు. లోపల చూస్తే తెల్లవి. నా గుండె ఆగిపోయింది. బుడ్డదానికి అందే గూట్లో ఏం బిళ్ళలో ఏంటో! సింకులో పోసి నీళ్ళు వదిలాను. అసలు బిళ్ళలు కొనుక్కొచ్చి పోశాను. చెబుదామంటే నువ్వు కౌంటరు దగ్గర ఊపిరి సలపకుండా ఉన్నావు. ఆ తర్వాత మర్చిపోయాను. ఇంతకీ అందులో నేను చేసిన నేరమేంటి?"

"ఎప్పుడు?"

"నా కొడుక్కి ఆసుపత్రిలో రెండోసారి మందు ఎక్కించి తీసుకొచ్చావు చూడు, ఆ మర్నాడు."

రెండు వారాలు దాటింది. కోడలు బల్ల అంచు పట్టుకుంది. దుప్పటి వేడి ఇంకా ఆరలేదు.

"సాయంత్రం కొట్లో రద్దీ, ఆ బలం బిళ్ళేదో నేనిస్తాలే అన్నాను. రోజూ ఇచ్చాను. ఒక్క పూట తప్పలేదు," అంది అత్తగారు. అంతలోనే ఆవిడ గొంతు కొద్దిగా తగ్గింది. "ఏమే? అలా పాలిపోయావేంటి?"

"ఏం లేదు," అంది కోడలు. బిళ్ళలన్నీ గుప్పిట్లోకి ఊడ్చుకుని వెనక గదిలోకి నడిచింది.

వెనకనుంచి అత్తగారు కేకేసింది. "ఏం లేకపోతే ఆ మొహమేంటి? సాయంత్రం రేడియో వస్తోంది. దాని ముందు ఇలాంటి మొహం పెట్టావంటే వీధి చివరిదాకా వార్తే!"

రేడియో అంటే అత్తగారి కూతురు. ఆ పేరు పెట్టింది కన్నతల్లే.

* * *

వెనక గదిలో భర్త మంచం మీద కూర్చుని చేతిరుమాళ్ళు మడతపెడుతున్నాడు. వీధంతా అతన్ని మడత మాస్టరు అంటారు. అతను మడిచిన చొక్కా అంగడిలో కొత్తగా కొన్నదానిలా ఉంటుందని పేరు. నిలబడి ఇస్త్రీ చేసే ఓపిక ఇప్పుడు లేదు. జుట్టు రాలిపోయి, తల నున్నగా దీపం బుడ్డిలా ఉంది. చేతులు మాత్రం ఊరుకోవు.

ఆమె గుప్పిట విప్పి చూపించింది.

"రోజూ సాయంత్రం వేసుకుంటున్నది ఇదేనా?"

"ఆఁ. ఏం?"

"బిళ్ళ రంగు మారితే ఒక్క మాట చెప్పొద్దా?"

"ఆసుపత్రిలో మార్చారనుకున్నాను. నువ్వే అడిగి మార్పించావేమో అనుకున్నాను. వాంతులు తగ్గాయి కూడా, ఇదేదో బాగానే ఉందే అనుకున్నాను."

"ఇది బలం బిళ్ళ."

"బలం బిళ్ళల సీసాలోంచి బలం బిళ్ళ వస్తే ఎవడికి అనుమానం వస్తుందే?"

ఆమెకి నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది. రెంటిలో ఏది ముందు బయటపడుతుందో తెలియక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను రుమాలు పక్కన పెట్టాడు. మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది.

"అంటే... అసలు బిళ్ళ వేసుకోలేదన్నమాట నేను."

"సింకులో పోసిందట."

కొట్లోంచి ఇస్త్రీ పెట్టె చప్పుడు వినిపిస్తోంది. ధన్, జర్రు. ధన్, జర్రు.

అతని చొక్కా కాలరు గుండీ పట్టకపోవడంతో మొదలైంది ఇదంతా. లావయ్యారు అని వేళాకోళం చేసింది తను. తీరా చూస్తే మెడ పక్కన గడ్డ. గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేసి లింఫోమా అన్నారు, ఒక రకం కేన్సరు. అదే వారంలో రక్తం పరీక్షలో హెచ్‌ఐవీ అని కూడా తేలింది. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీయకుండా, కళ్ళలోకి చూస్తూ చెప్పింది. హెచ్‌ఐవీతో ఒంట్లో రోగాన్ని ఆపే కాపలా బలహీనపడితే ఇలాంటి గడ్డలు తేలిగ్గా పుట్టుకొస్తాయి. నరంలోకి ఎక్కించే మందు గడ్డని కరిగిస్తుంది. రోజూ వేసుకునే బిళ్ళ కాపలాని నిలబెడుతుంది. రెండూ కలిసి నడిస్తే నయమైనవాళ్ళు చాలామంది ఉన్నారు, మా చేతుల మీదుగానే వెళ్ళారు. ఒకటి నడిచి ఒకటి ఆగకూడదు, అదొక్కటి గుర్తుపెట్టుకో తల్లీ అంది.

గడ్డ సంగతి అత్తగారికి తెలుసు. రెండోది తెలియదు. తెలిస్తే ఆవిడ ఏమంటుందో, బుడ్డదాన్ని తండ్రి ఒళ్ళోకి వెళ్ళనిస్తుందో లేదో, ఒకవేళ ఆవిడ నోటినుంచి రేడియో చెవిన పడితే రేపు ఈ కొట్టుకి ఒక్క చొక్కా అయినా వస్తుందో రాదో. ఆ భయంతోనే నెలకి సరిపడా బిళ్ళలన్నీ తనే తెచ్చి, బలం బిళ్ళల సీసాలో పోసి, మందు డబ్బాని దూరపు చెత్తకుండీలో పడేసింది. ఇంట్లో ఇంకొక్కటి కూడా లేదు.

"ఎల్లుండి మూడో విడత," అంది ఆమె. "ఎక్కిస్తారో లేదో."

"అమ్మకి మాత్రం చెప్పకు."

"మీరు పడుకోండి. నేను సిస్టర్‌కి ఫోన్ చేస్తాను."

"తిడుతుంది."

"తిట్టనీ. తిట్టేవాళ్ళు దగ్గరున్నారంటే ఇంకా మన మీద ఆశ ఉన్నట్టే."

* * *

నర్సు తిట్టలేదు. అదే ఎక్కువ భయం వేసింది ఆమెకి. అవతలనుంచి ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో దగ్గుతున్న చప్పుడు.

"పోయిందా సిస్టర్? ఇన్నాళ్ళు చేసిందంతా పోయినట్టేనా?"

"ఏం పోలేదు. ఊపిరి తీసుకో ముందు. ఆయనకి జ్వరం ఉందా?"

"లేదు."

"రాత్రి చెమటలు?"

"ఇంతకుముందులా లేవు."

"మంచిది. ఇవాళే వచ్చి బిళ్ళలు తీసుకెళ్ళు. ఈ సాయంత్రం నుంచే మొదలు. తప్పిపోయినవాటికి బదులని రెండేసి వెయ్యకు, ఒక్కటే. ఆ నారింజవి ఆపెయ్యి. వాటిలో ఉండే ఐరన్, కాల్షియం మన బిళ్ళని ఒంటికి పట్టనివ్వవు. రేపు పొద్దున్నే ఆయన్ని తీసుకురా, రక్తం తీస్తాం. ఎల్లుండి మందు ఎక్కించాలా, కొన్నాళ్ళు ఆగాలా అన్నది అది చూసి డాక్టరమ్మ చెబుతారు."

"కొన్నాళ్ళు ఆగితే గడ్డ మళ్ళీ..."

"చూడని దాని గురించి ఇప్పుడే ఏడవకు. పోయిన స్కానింగులో సగానికి పైగా కరిగింది కదా? అది ఎక్కడికీ పోలేదు." నర్సు గొంతు తగ్గించింది. "రోజూ బిళ్ళ ఇచ్చేదెవరు?"

"మా అత్తయ్య."

"అదేం బిళ్ళో ఆవిడకి తెలుసా?"

కోడలు ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"చూడు, ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నది ఆయన ఇష్టం. నేను చెప్పమని అనను, అనకూడదు కూడా. కానీ ఎవరు చేతికిస్తున్నారో ఆ మనిషికి ఇది ప్రాణం నిలబెట్టే బిళ్ళ అని తెలిసుంటే సింకులో పోసేది కాదు. ఆయనతో ఒకసారి మాట్లాడు. ఉంటాను."

ఫోన్ దించి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అత్తగారు. చేతుల్లో ఇస్త్రీ దిండుగలీబుల దొంతర, గడ్డందాకా. ఎంతసేపటినుంచి నిలబడిందో.

"ప్రాణం మీదికి తెచ్చానా నేను?" అంది ఆవిడ. "ఏ మందే అది?"

"అదీ... అత్తయ్యా, ఆసుపత్రిలో ఇచ్చిన..."

"నాకు సరుకు మార్చి చెప్పకు. బట్ట పట్టుకోగానే నూలో సిల్కో చెబుతాను నేను. నీ మొహం చూస్తే తెలియదా? నాలుగు నెలలుగా ఈ ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలిసినదేదో ఉంది."

కోడలు భర్త వైపు చూసింది. అతను మంచం దిగి నిలబడ్డాడు. గోడ పట్టుకోలేదు.

"అమ్మా, నాకు గడ్డ ఒక్కటే కాదు. హెచ్‌ఐవీ కూడా ఉంది. నువ్వు పారేసింది దానికి వేసుకునే మందు."

దొంతర పైనున్న దిండుగలీబు ఒకటి జారి కింద పడింది. ఆవిడ దాన్ని తీయడానికి వంగలేదు.

"అంటే, ఆ..."

"ఆఁ. అదే."

"నీ పెళ్ళానికి తెలుసా?"

"మొదటిరోజు నుంచీ."

"అందుకా అది నెల రోజులు నీతో మాట్లాడలేదు? కొత్త వాషింగ్ మెషీన్ కొనలేదని అలిగిందనుకున్నాను!"

ఎవరూ నవ్వలేదు. ఆవిడ దొంతరని మంచం మీద పెట్టింది, అంచులు సరిచేసింది. సరిగ్గా ఉన్నవాటినే మళ్ళీ సరిచేసింది. ఇంకో మాట లేకుండా కొట్లోకి వెళ్ళిపోయింది.

ధన్, జర్రు. ధన్, జర్రు.

"ఏమంటుందో," అన్నాడు అతను.

"ష్. వినండి."

ధన్. ఆ తర్వాత జర్రుమనలేదు. రెండు నిమిషాలకి మాడు వాసన వచ్చింది. కోడలు పరుగెత్తింది. అత్తగారు ఇస్త్రీ పెట్టె మీద చేయి వేసి, ఎటో చూస్తూ నిలబడింది. కింద దుప్పటి మీద గోధుమరంగు మచ్చ పెద్దదవుతోంది. ఈ కొట్లో అడుగుపెట్టిన నాటినుంచీ ఆవిడ చేతిలో బట్ట కాలడం కోడలు చూడలేదు.

ఆమె ప్లగ్గు పీకేసింది.

"లాడ్జీ దుప్పటి," అంది అత్తగారు, నిద్రలోంచి లేచినట్టు.

"పోనీండి."

"బుడ్డది వాడి పళ్ళెంలోనే తింటుంది. వాడి తువ్వాలుతోనే మూతి తుడుచుకుంటుంది."

"దానివల్ల రాదు అత్తయ్యా. పళ్ళెంవల్ల, తువ్వాలువల్ల, ముద్దు పెట్టుకుంటే రాదు. బట్టలు ఉతికితే రాదు. దానికి పరీక్ష చేయించాను. ఏమీ లేదు."

"మరి నీకు?"

ఆ మాటకి కోడలు తయారుగా లేదు. పొమ్మంటుందేమో, పిల్లని వదిలి పొమ్మంటుందేమో, నా కొడుకుని నువ్వే చెడగొట్టావంటుందేమో. వీటన్నిటికీ జవాబులు ఎప్పటినుంచో మనసులో మడిచి పెట్టుకుంది. దీనికి మాత్రం పెట్టుకోలేదు.

"నాకూ లేదు," అంది. "ఆయన ఆ బిళ్ళ సరిగా వేసుకుంటూ ఉంటే, రక్తంలో అది కనిపించనంత తగ్గిపోతే, నాకూ రాదన్నారు."

"అయితే నేను సింకులో పోసింది నీ మందు కూడానన్నమాట," అంది అత్తగారు. కౌంటరు మీది పర్సు తీసి ఆమె చేతిలో కుక్కింది. "ఇంకా నిలబడతావేం? పో. ఆసుపత్రికి పో. కొట్టు నేను చూసుకుంటాను."

* * *

ఆసుపత్రి వరసలో నిలబడ్డంతసేపూ కోడలి మనసు మనసులో లేదు. చేతిలో పర్సు ఇచ్చింది సరే, కోపం రాలేదని అర్థమా? లేక మనిషిని బయటికి పంపి వెనక ఏదైనా చేస్తుందా? అత్తగారి మాట తీయగా ఉంటే చేత చేదుగా ఉంటుంది, మాట కారంగా ఉంటే పెట్టే చేతికి అడ్డే ఉండదు. ఇవాళ మాట ఏ రుచిలో ఉందో ఆమెకి అంతుపట్టలేదు.

కొత్త డబ్బా సంచిలో పెట్టుకుని, పొద్దు వాలుతుండగా ఇంటికి చేరింది. చెప్పులు విడుస్తూనే వంటగది చెక్క స్టాండు వైపు చూసింది.

భర్త పళ్ళెం లేదు.

గ్లాసు కూడా లేదు. మిగతావన్నీ ఉన్నాయి. వాటి జాగా మాత్రం ఖాళీగా ఉంది. అనుకుంటూనే ఉంది. వేరు పెట్టేసింది. పళ్ళెం వేరు, రేపు పడక వేరు, ఎల్లుండి పిల్ల వేరు.

"నోరు తెరు. పెద్దగా. ఇదేం నోరే, గుండీ కాజా అంత!"

వెనక గదిలోంచి అత్తగారి గొంతు. కోడలు గుమ్మంలో ఆగిపోయింది. మంచం మీద తండ్రి ఒళ్ళో బుడ్డది. ఎదురుగా కుర్చీలో అత్తగారు. ఆవిడ చేతిలో అతని పళ్ళెం. ఒక ముద్ద మనవరాలికి, ఒక ముద్ద కొడుక్కి.

"నాన్నకి పెద్ద ముద్ద పెట్టావు!" అంటోంది బుడ్డది.

"వాడు రేపు రక్తం ఇవ్వాలే. నువ్వేమిస్తావు? వేలెడంత లేవు."

కోడల్ని చూసి అత్తగారు చూపు తిప్పుకుంది. "వచ్చావా. తెచ్చావా? ఇలా తే."

పళ్ళెం పక్కన పెట్టి, చేయి కడుక్కుని, కొట్లోకి నడిచింది. కోడలు వెంటే వెళ్ళింది. ఇస్త్రీ బల్ల మీద బలం బిళ్ళల సీసా బోర్లించి ఉంది. దాని మీద కాగితం లేదు. ఆవిడ వేడి నీళ్ళలో నానబెట్టి, జిగురు మిగలకుండా మరకల మందుతో తుడిచేసింది. సీసా తళతళలాడుతోంది.

"నీ మీద నాకు కోపం లేదనుకోకు," అంది అత్తగారు కొత్త డబ్బా మూత విప్పుతూ. "ఉంది. నాలుగు నెలలు నన్ను బయటి మనిషిని చేశావు. దాని సంగతి వాడు లేచి తిరిగాక చూసుకుందాం, తీరిగ్గా. గొంతు చించుకుని పోట్లాడుకుందాం."

"సరే అత్తయ్యా."

"వాడు లేస్తాడు. అది నాకు తెలుసు. మూడు నెలల కిందట వాడి దిండుగలీబు పిండితే గ్లాసుడు నీళ్ళు వచ్చేవి. ఎవరికీ చెప్పుకోలేక పంపు కింద నిలబడి ఏడ్చేదాన్ని. ఇప్పుడు పొద్దున తీస్తే పొడిగా ఉంటోంది. ఆ పొడి గలీబు పట్టుకున్న రోజే అనుకున్నాను." ఆవిడ ముక్కు ఎగబీల్చి, తెల్ల బిళ్ళల్ని సీసాలో పోసింది. ఖాతాదార్ల బట్టల మీద గుర్తులు పెట్టే చెరగని సిరా పెన్ను తీసింది. "చెప్పు. ఏమని రాయాలి దీని మీద?"

"డబ్బా అలాగే ఉంచేద్దాం కదా?"

"దాని మూత బుడ్డది కూడా తీసేస్తుంది. దీని మూత తీయాలంటే నాకే వేళ్ళు నొప్పెడతాయి. చెప్పు. పేరూ సరుకూ ఒకటే ఉండాలి. చట్టం నీదే."

"ఎవరైనా చూస్తే?"

"చూస్తే..." అని ఆగింది ఆవిడ.

అప్పుడే వీధిలోంచి వినిపించింది. మనిషి కంటే ముందు గొంతు వచ్చే మనిషి ఈ ఇంటికి ఒక్కతే.

"అమ్మా! ఏంటమ్మా ఈ మాడు వాసన? వీధి మొదట్లోకే కొడుతోంది! ఏంటి మరదలా, కళ్ళు అలా వాచాయి? మా తమ్ముడికి ఎలా ఉంది?"

రేడియో కౌంటరు పలక ఎత్తి లోపలికి వచ్చేసింది. ఆమె చూపు కాలిన దుప్పటి మీదినుంచి, తల్లి చేతిలో పెన్ను మీదికి, అక్కడినుంచి పేరులేని సీసా మీదికి వెళ్ళి ఆగింది.

"ఏంటమ్మా ఆ సీసా? ఎవరి మందు?"

కోడలు అత్తగారి మొహం చూసింది. పెదవులు కదలడం చూసింది. బలం బిళ్ళలే అంటుందా? ఒక్క మాట చాలు, ఈ పూట గడిచిపోతుంది. మళ్ళీ ఆ అబద్ధం, మళ్ళీ ఆ సీసా. అత్తగారు వెనక గది వైపు చూసింది.

గుమ్మంలో మడత మాస్టరు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు మార్చుకున్నాడో, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెడ దాకా గుండీలన్నీ పెట్టుకున్నాడు. కాలరు గుండీ కూడా పట్టింది. ఆ గుండీ పట్టి ఎన్నాళ్ళయిందో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఒక్క రేడియోకే తెలియదు.

అతను మెల్లగా నడిచి వచ్చి తల్లి చేతిలోంచి సీసా తీసుకున్నాడు. ఒక తెల్ల బిళ్ళ అరచేతిలో వేసుకున్నాడు. కోడలు నీళ్ళ గ్లాసు అందించింది. ఆ గ్లాసు అతనిదే. అందరూ చూస్తుండగా బిళ్ళ మింగాడు.

"నాదే అక్కా," అన్నాడు. "దేనికో చెబుతాను, కూర్చో. గొంతు మాత్రం కొంచెం తగ్గించుకో."

రేడియో కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్క మాట కూడా అనకుండా కూర్చుంది.

అత్తగారు వెళ్ళి కొట్టు షట్టరు సగానికి దించింది.